అడవిలో తెలుపు వద్దన్నారు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ వందనాలు. ఈ పొద్దు నేను నారింజరంగు చీర కట్టుకుని ముందుకు వస్తుంటే వెనక వరసలో గుసగుసలు వినబడ్డాయి, పరవాలేదు, మీరు అడగకముందే చెప్పేస్తాను, ఎందుకంటే నా సాక్ష్యమంతా ఈ రంగులోనే ఉంది.

నా భర్త పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో, ఈ అమెరికాలోనే, కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీ మీద ఉండగానే గుండె ఆగి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి తెలుపే కట్టాను. హాస్పిటల్లో నర్సుగా తెల్ల యూనిఫారం, ఇంట్లో తెల్లచీర, ఆదివారం మందిరానికీ తెల్లచీరే. మనలో ఆడవాళ్ళు ఆరాధనకి తెలుపు కట్టడం మామూలే కదా, అందుకే నా లోపల ఏం జరుగుతోందో ఎవరికీ అనుమానం రాలేదు. నాకు తోడుగా వచ్చి ఉన్న మా ఆడపడుచు మాత్రం "ఇక నీకు రంగులెందుకులే వదినా" అనేది, ఆమె మనసులో చెడు లేదు, నాకూ నిజమే అనిపించేది. ఏడుపు రాలేదు, నిద్ర రాలేదు, మోకరిస్తే నోట మాట రాలేదు. రెండేళ్ళు నేను ప్రార్థన చేయలేదు సహోదరులారా, మీ మధ్యే నిలబడి పెదవులు మాత్రం కదిపాను.

మా ఆయనకి వేటంటే ప్రాణం. తోటి పనివాళ్ళ దగ్గర నేర్చుకుని నాకూ నేర్పారు, ప్రతి నవంబరులో ఇద్దరం ఉత్తరాన అడవికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి టెంటు వేసుకునేవాళ్ళం. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది: "అడవిలో తెలుపు వద్దు. ఇక్కడి జింక పరుగెత్తేటప్పుడు తెల్లతోక పైకెత్తుతుంది. తెలుపు కదిలితే జింకే అనుకుని కాల్చేస్తారు." అందుకే వేటగాళ్ళందరూ దూరానికి కనబడే నారింజరంగు కోటు వేసుకోవాలి, రూలు కూడా అదే. కాషాయం కట్టి అడవికి పోతున్నాం, సన్యాసుల్లో కలిశామా అని నేను ఆయన్ని ఆటపట్టించేదాన్ని.

ఆయన పోయాక మూడో నవంబరులో, మనసు కాస్త తేలికపడుతుందేమోనని, ఆయన తుపాకీ, ఆ టెంటు కార్లో వేసుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. ఆడపడుచు గుండెలు బాదుకుంది. ఆయన కోటు సంచిలో పెట్టుకున్నాను కానీ వేసుకోలేకపోయాను, దాని కాలరుకి ఇంకా ఆయన వాసన ఉంది. తెల్లారాక చలికి చెవులు మొద్దుబారుతుంటే ఎప్పటి తెల్లశాలువానే తలకి చుట్టుకుని ఒక చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఆయన మాట గుర్తుండే కూర్చున్నాను, పోతే పోనీలే అనుకున్నాను.

శాలువా కొంగు గాలికి ఎగిరినట్టుంది, ఢామ్మని తుపాకీ మోగింది! నా తల పైన చెట్టు బెరడు పగిలి నా ఒళ్ళో పడింది. అప్పుడు వచ్చిన కేక నాదేనని నాకే తెలియలేదు: "యేసయ్యా, నన్ను పోనీకయ్యా, నాకు బతకాలనుంది!"

రెండేళ్ళకి నా మొదటి ప్రార్థన అది, అదీ మిషిగన్ అడవిలో, తెలుగులో, కడుపులోంచి! శాలువా పీకి పారేసి, మా ఆయన కోటు తొడుక్కుని, ఆ కాలరులో ముఖం పెట్టుకుని, దాచిపెట్టిన ఏడుపంతా ఏడ్చాను.

కాల్చినాయన ఒక పెద్దమనిషి. పరుగెత్తుకొచ్చి నన్ను చూసి మంచులో కూలబడ్డాడు. నర్సుని కదా, నాడి పట్టి చూసి, ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చాను. తోక అనుకున్నానమ్మా, తోక అనుకున్నాను అని అదే మాట అంటుంటే, నేను బతికే ఉన్నాను, చూడండి, బతికే ఉన్నాను అని ఆయనకి చెబుతూ నాకు నేనే చెప్పుకున్నాను.

జింక లేకుండానే తిరిగొచ్చాను. తలుపు తీసిన ఆడపడుచు నా ఒంటి మీద కోటు చూసి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. జరిగిందంతా చెప్పాను, ఇద్దరం మోకరించాం, ఈసారి ప్రార్థన ఆగితే ఒట్టు! ఆమెన్ అనగానే ఆమె లేచి వెళ్ళి తన పెట్టెలోంచి ఈ చీర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కట్టుకో వదినా. నువ్వు మాకు కనబడాలి" అంది.

దేవునికే మహిమ! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, ఇప్పుడూ అలాగే నిద్రపోతున్నాను. ప్రియులారా, బతుకు మీద ఆశ చంపుకుని ఎవరికీ తెలియకుండా కూర్చున్నవాళ్ళు మీలో ఉంటే, నా మాట వినండి, యేసయ్యని నమ్మి ఒక్క కేక వేయండి. మంచి మాటలు వెతుక్కోనక్కర్లేదు, ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు. ఆయనకి తెలుగు వచ్చు.