మాస్టారి తూటాలు

కార్తీకం వస్తోందని నిన్న ఇత్తడి సామానంతా పెరట్లో వేసుకుని తోముతున్నాను. నానిన చింతపండు ఇత్తడికి తగలగానే ఆ పుల్లటి వాసన గుప్పుమంది. చేతిలో ఉన్నది చెంబే. కాని నా వేళ్లు మాత్రం దాని మీద నిలవలేదు, చిటికెన వేలంత గొట్టం కోసం వెతుక్కున్నాయి. లోపల మసి పట్టిన, పేలిపోయిన తూటా గొట్టం. అలాంటివి ఎన్ని తోమానో చెప్పలేను. పక్కన కూర్చున్న మనవరాలితో ఇది రాసిపెట్టమ్మా అన్నాను. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు.

నేను చెప్పేది రామభద్రరాజు మాస్టారి గురించి. కొత్తపేట అవతల గోదావరి గట్టు పక్కన మా ఊళ్లో ఆయన్ని తుపాకీ మాస్టారు అనేవారు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. తాతగారి నాటి తుపాకీ ఒకటి, దాని లైసెన్సు ఒకటి ఆయన వాటాకు వచ్చాయి. దాని చేతిపిడి కింద ఇనప కడియం లాంటి మీట ఉంటుంది. దాన్ని కిందికి లాగి పైకి కొడితే ఖాళీ గొట్టం ఎగిరి బయట పడుతుంది, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. గడియ పడ్డట్టు చప్పుడయ్యేది. తాతగారి కాలంలో ఏజెన్సీ అడవుల్లో వేటకు తిరిగిన తుపాకీ అట అది. నేను చూసేసరికి దానికి మిగిలింది ఒక్కటే పని. గోదావరి మధ్య లంకల్లో కంద తోటలను తవ్విపోసే అడవి పందులు మరీ ఎక్కువైనప్పుడు రైతులు అర్జీ పెట్టుకుంటారు, అటవీ శాఖ వాళ్లు కాగితం ఇస్తారు, మాస్టారు పడవెక్కి వెళ్లి కాల్చి వస్తారు. ఎన్నికలొస్తే తుపాకీని స్టేషన్లో అప్పగించాలి కదా. ఆ రోజుల్లో గోడకు తుపాకీ తగిలించే ఖాళీ కొయ్య వంక చూస్తూ కూర్చునేవారు, ఇంట్లో మనిషి ఊరెళ్లినట్టు.

ఆ తుపాకీకి సరిపడే తూటాలు దుకాణాల్లో దొరకడం ఏనాడో ఆగిపోయింది. అందుకని అనుమతి కాగితాలు పెట్టుకుని, పేలిన గొట్టాలనే మళ్లీ నింపుకునేవారు. గొట్టాన్ని చింతపండుతో తోమి ఎండబెట్టాలి. అడుగున దెబ్బ తగలగానే నిప్పు రాజేసే కొత్త టోపీ, లోపల మందు, పైన సీసపు గుండు. వినడానికి ఇంతే.

నేను ఆయన ఇంట్లో అంట్లు తోమే పనికి కుదిరింది మా ఆయన పోయిన ఆరు నెలలకు. కొబ్బరి దింపు చేసేవాడు మా ఆయన. చెట్టు మీద నుంచి పడి పోయాడు. ఒక రోజు వసారా ఊడుస్తుంటే మాస్టారు బల్ల దగ్గర మందు తూస్తూ కనబడ్డారు. చెయ్యి వణికి మందంతా కాగితం మీద పడుతోంది. తుపాకీ భుజానికి ఆనిస్తే ఆగిపోయే వణుకు, చెంచా పట్టుకుంటే మాత్రం ఆగేది కాదు.

“అలా చూస్తావేం మంగా? నీ చెయ్యి వణుకుద్దా?” అన్నారు.

“లేదండి.”

“అయితే చీపురు అక్కడ పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చో.”

నాకు అంకెలు రావండీ అన్నాను. అంకెల సంగతి తను చూసుకుంటానన్నారు. కంసాలి వాళ్ల దగ్గరుండే చిన్న త్రాసు అది. ఒక పళ్లెంలో ఆయన అరగదీసి పెట్టుకున్న ఇత్తడి ముక్క వేస్తారు. రెండో పళ్లెంలో నేను మందు పోయాలి. ముల్లు మధ్యలో నిలిస్తే ఆ మందు గొట్టంలోకి. గుంటలు చేసిన చెక్క పలక ఒకటి ఉండేది, గొట్టాలన్నీ అందులో వరసగా నిలబడేవి. ఈ కాలపు మందు కొంచెమే పడుతుంది, గొట్టంలో సగం పైగా ఖాళీగానే ఉంటుంది. అదే ప్రమాదం. పొరపాటున రెండుసార్లు పోసినా పట్టేస్తుంది. అలాంటి తూటా పేలితే తుపాకీయే బద్దలవుతుంది, అదీ కాల్చేవాడి చెంప పక్కన.

“చెయ్యి మధ్యలో ఆగిందా, మొత్తం వంచేసి మళ్లీ మొదటికి రావాలి” అనేవారు మాస్టారు. “ఎక్కడ ఆపేనో గుర్తుందండీ అని మాత్రం నా దగ్గర అనకు. గుర్తుందనుకున్న వాళ్లే కళ్లు పోగొట్టుకున్నారు.”

పోస్తున్నంతసేపు మాట ఉండకూడదు. నేను వచ్చీ రాగానే నా మొహం వంక చూసేవారు. ఏడ్చిన మొహం కనబడితే ఎందుకని అడిగేవారు కాదు. ఇవాళ గిన్నెలు తోముకుని వెళ్లిపో అనేవారు. కోపం రోజున, దుఃఖం రోజున మందు ముట్టనిచ్చేవారు కాదు. నాలుగేళ్లు అలా గడిచాయి. చదువు రాని నా చేతికి ఒక విద్య వచ్చిందని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఆ గర్వం మీదే దెబ్బ పడింది. ఆ ఏడు లంకలో పందులు విరుచుకుపడ్డాయి. బుల్లెబ్బాయి గారని పెద్ద కంద రైతు, ఆయన అర్జీ మీదే కాగితం వచ్చింది. మధ్యాహ్నం ఆయన మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి వసారాలో కూర్చున్నారు. మాస్టారు వాళ్లతో మాట్లాడుతున్నారు. నేను లోపల ఇరవై గొట్టాలు నింపుతున్నాను. సగంలో ఉండగా గ్యాసు బండి వాడు గేటు దగ్గర హారన్ మోగించాడు. లేచి వెళ్లి బండ దించుకుని వచ్చాను. వంచేసి మొదటికి రావాలని తెలుసు. కాని బయట ముగ్గురు కాచుకుని ఉన్నారు, ఎంతసేపు అంటున్నారు. రెండో వరసలో మూడో దాని దగ్గర ఆపానని గుర్తే ఉందనుకున్నాను. నాలుగో దాని నుంచి పోసుకుపోయాను.

సీసపు గుళ్లు బిగించడం అయ్యాక మాస్టారు తూటాలు సంచిలో వేసుకుని రేవుకి వెళ్లిపోయారు. నేను బల్ల సర్దుతూ మందు డబ్బా ఎత్తాను. ఉండాల్సిన దానికన్నా తేలిగ్గా ఉన్నట్టనిపించింది. అవునో కాదో తెలియదు. ఆగింది మూడో దాని దగ్గరా, నాలుగో దాని దగ్గరా? ఎంత తలచుకున్నా కళ్ల ముందుకు రాలేదు. చెబితే పని పోతుంది. ఆయన పరువు ఆ రైతుల ముందు పోతుంది. నోరు మూసుకుంటే ఏమీ కాకపోవచ్చు కూడా. చీపురు తీసుకుని రెండు గదులు ఊడ్చాను. మూడో గదిలోకి వెళ్లలేక చీపురు పారేసి గట్టు మీదికి పరుగెత్తాను.

పడవ అప్పుడే కదులుతోంది. అరిచి ఆపించాను. రొప్పుతూ, మధ్యలో లేచానండీ, ఒకదానిలో రెండుసార్లు పోశానేమో అన్నాను.

బుల్లెబ్బాయి గారు తల కొట్టుకున్నారు. “అంట్లు తోమే చేత్తో తూటాలు కట్టించేరా మాస్టారూ? ఇంకా నయం, మీ పులుసులో మందు వేయలేదు.”

“కట్టించేనండి. పడవ ఒడ్డుకి పట్టించండి” అన్నారు మాస్టారు.

నా వంక చూడలేదు. దారి పొడుగునా ముందు ఆయన, వెనక నేను. ఇంటికి వచ్చాక ఒక్కొక్క తూటాకీ గుండు ఊడదీసి, మందు పళ్లెంలో వంచి, ముల్లు నాకే చూపించారు. ఇరవై తూచాం. ఇరవైకీ ముల్లు మధ్యలోనే నిలిచింది. ఒక్కటి కూడా తప్పు లేదు.

నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఊరికే ఆపేశానండీ అన్నాను. అప్పుడు నాలో ఏం తెగిందో, ఎవరికీ చెప్పని మాట ఆయన ముందు చెప్పేశాను. మా ఆయన పడిపోయిన రోజు పొద్దున్న, చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే మోకు నేనే తీసి గుమ్మం దగ్గర పెట్టాను. దానికి ఒక పురి తెగి ఉంది. చూశాను. ముందు రోజు మాటా మాటా పెరిగి ఇద్దరం పలకరించుకోవడం లేదు. ముందు ఆయనే పలకరించాలని పంతం నాకు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. రాలేదు.

మాస్టారు చాలాసేపు త్రాసు పళ్లెం తుడుస్తూనే ఉన్నారు. తుడిచిందే తుడిచారు.

“అది నేను తూచలేనమ్మా” అన్నారు చివరికి. ఖాళీ గొట్టాలు పలకలో నిలబెడుతూ, “ఈ ఇరవై మాత్రం మళ్లీ నింపాలి. పొద్దున్నే రా” అన్నారు.

ఆ ఒక్క రోజులో బుల్లెబ్బాయి గారి తోటలో అర ఎకరం కంద పోయింది. మర్నాడు ఆయన వచ్చి, తప్పు దొరికిందా అని వెటకారంగా అడిగారు. అన్నీ సరిగానే ఉన్నాయండీ అని మాస్టారు ఉన్నదున్నట్టు చెప్పేశారు.

“మరెందుకాపేరండీ?”

“తెలీదు గనక ఆపేనండి.”

నేను నింపిన ఇరవై తూటాలూ నా చేతే సంచిలో వేయించి, రేవు దాకా నన్నే మోసుకు రమ్మన్నారు. పడవ ఎక్కుతూ, “ఇవి మంగ కట్టినవేనండి” అని వాళ్లకు వినబడేలా అన్నారు. బుల్లెబ్బాయి గారు పడవలో ఆయనకు దూరంగా జరిగి కూర్చున్నారు. నేను గట్టు మీదే నిలబడిపోయాను. పొద్దు వాలుతుండగా లంకలో ఒక చప్పుడు వినిపించింది. రెండోదాని కోసం చెవులు రిక్కించాను. తరువాత రెండోది వినిపించింది. మొదటిది బాగానే పేలిందన్నమాట, మీట లాగడానికి ఆయన చెయ్యి, చూడడానికి ఆయన కన్ను ఉన్నాయన్నమాట.

మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. తుపాకీని వాళ్ల అన్నగారి పిల్లలు స్టేషన్లో అప్పగించేశారు. ఆయన నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు, నీ తప్పేం లేదనీ అనలేదు. అలా అనే మనుషులు నాకు దొరికేవారే. ఆ మాట వాళ్ల దగ్గర విని ఇంటికి వెళ్లి ఏడ్చేదాన్ని. ఆయన నా చేతికి మళ్లీ పని ఇచ్చారు.

ఇప్పుడు మా వీధిలోంచి రోజూ పొద్దున్నే దింపు వాళ్లు వెళతారు. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కడినీ ఆపి మోకు చూపించమంటాను. పురి పురీ వేలితో తడుముతాను. పోలీసు అత్తయ్య అని నవ్వుతారు. కొందరు పక్క వీధిలోంచి వెళ్లిపోతారు. మొన్న ఒకడి మోకు నాకు నచ్చలేదు. అందులో తప్పుందో లేదో నేను చెప్పలేను. నాకు తెలియడం లేదురా, ఇంకోటి తెచ్చుకో అన్నాను. పని ఆలస్యమవుతుందని నన్ను తిట్టుకుంటూ ఇంటికి తిరిగి వెళ్లాడు. వాడు వేరే మోకుతో వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.