సిమెంటు గచ్చు మీద 4.6 లోతు

బోటు ఇంకా నీటి ముఖం చూడలేదు. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో, ఇనుప స్టాండ్ల మీద ఉంది. దాని అడుగుకీ సిమెంటు గచ్చుకీ మధ్య గజం ఎత్తు ఖాళీ. పొద్దున పదకొండు గంటలవేళ, అడుగున అప్పుడే బిగించిన లోతు కొలిచే యంత్రానికి కరెంటు ఇచ్చాం. తెర మీద 4.6 మీటర్లు అని వచ్చింది.

నీళ్లు లేనిచోట ఆ తెర మీద మూడు అడ్డగీతలు మాత్రమే కనబడాలి. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ 4.6. పాత అలవాటు కొద్దీ ఫోన్ తీసి ఒక ఫోటో తీసుకున్నాను. మూడోసారి వేస్తే గీతలు వచ్చాయి. ఆ తర్వాత గచ్చు మీద ఆ అంకె మళ్లీ కనబడలేదు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ముప్పై ఏళ్లు దినపత్రికలో పనిచేశాను. దయ్యాల కొంప అని ఎక్కడికి పంపినా అక్కడ నాకు దొరికింది అటక మీద పిల్లులో, అన్నదమ్ముల ఆస్తి తగాదానో. ఈ సంగతి రాయడానికి ఏడాదికి పైగా వెనకాడింది అందుకే.

ఆ బోటు నా స్నేహితుడు జీవన్‌ది. బాపట్లలో ఇద్దరిదీ ఒకే బెంచీ. రాయదుర్గంలో ఇద్దరిదీ ఒకే అపార్ట్‌మెంటు, మేము మూడో అంతస్తు, వాళ్లు ఆరు. మా ఆవిడ ఆపరేషన్‌కి రక్తం ఇచ్చింది వాడే. క్రిస్మస్‌కి వాళ్లింట్లో కోసిన మొదటి కేకు ముక్క మా ఇంటికే వచ్చేది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక జీవన్ చెరువుల కొలతల పని మొదలుపెట్టాడు. బోటు చెరువంతా తిరుగుతూ లోతు కొలిస్తే పూడిక ఎంత పేరుకుందో తెలుస్తుంది. మా అపార్ట్‌మెంటు వెనకాల ఆఫీసు టవర్ల మధ్య ఉన్న చెరువు వాడికి దొరికిన మొదటి పని. దాన్ని చూసుకునే కమిటీ ఒకటి ఉంది. వాళ్లే అప్పగించారు. యంత్రం బిగించే రోజు షెడ్డుకి నన్నూ రమ్మని జీవన్ పట్టుబట్టాడు.

లోతు కొలిచే యంత్రాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. పిడికిలంత ఉంటుంది. నీళ్లలోకి శబ్దం పంపి, అది అడుగు తాకి తిరిగొచ్చే సమయాన్ని లెక్కగడుతుంది. దాన్ని పెట్టాలంటే బోటు అడుగున రంధ్రం చెయ్యాలి. ఆ పని యాదగిరి చేశాడు. ఫైబర్‌తో నీళ్ల ట్యాంకులు, బస్సు సీట్లు చేసిన చెయ్యి. లోపలి నుంచి సన్నటి రంధ్రం వేసి, ఆ గుర్తు పట్టుకుని బయటి నుంచి గుండ్రటి రంపంతో కోశాడు. "మంచిగున్న పడవకు బొక్క పెట్టుడేంది సార్" అని గొణుగుతూనే అంచులు నున్నగా చేశాడు.

రంధ్రం చుట్టూ నీరు దిగకుండా పెట్టే జిగురే ఈ పనికి ప్రాణం. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే పడవలకు వేరే రకం ఉంటుంది, మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరకదు. విశాఖ నుంచి తెప్పించానని జీవన్ నాతో చెప్పాడు. నేను అడగకపోయినా చెప్పాడు.

తెర మీద 4.6 చూసి యాదగిరి గచ్చు వైపు వంగాడు. "దీని కింద చెరువున్నదా ఏంది సార్?" అన్నాడు. నవ్వలేదు. జీవన్ మాత్రం నవ్వాడు. "కొత్తది కదా, ఆవులిస్తోంది" అన్నాడు.

పది రోజుల తర్వాత బోటు నీళ్లలోకి దిగింది. జీవన్ వాళ్ల పాస్టర్ ప్రార్థన చేశారు, యాదగిరి కొబ్బరికాయ కొట్టాడు. ఆ చెరువులో ఎక్కడా మూడు మీటర్లు దాటదని కమిటీ దగ్గరున్న పటం చెబుతోంది.

మూడో వారంలో బోటు మునిగింది. అందులో యాదగిరి ఒక్కడే ఉన్నాడు. నడపడానికి మనిషి దొరకలేదని జీవన్ అతన్ని పంపాడు. యంత్రం చుట్టూ ఉన్న జిగురు ఊడి, అడుగు నుంచి నీళ్లు తోసుకొచ్చాయి. లైఫ్ జాకెట్ ఉండబట్టి బతికాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు పోయి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

బోటును పైకి తీయడానికి గజ ఈతగాళ్లు వచ్చారు. తాడు వదిలి లోతు చూశారు. పూర్వం అక్కడ రాయి కొట్టిన గుంత ఉండేదట, పటంలో లేదు. తాడు ఎక్కడిదాకా తడిసిందో టేపు పెట్టి కొలిచి ఒకతను పైకి చదివాడు. నాలుగు పాయింట్ ఆరు.

గట్టు మీద నిలబడి విన్నాను.

ఆసుపత్రిలో యాదగిరి నాతో మెల్లగా చెప్పాడు. "ఆ జిగురు వాష్‌బేసిన్లకు పెట్టేది సార్. వద్దన్న. నెల రోజులకు ఏం కాదు, తర్వాత మారుద్దాం అన్నడు."

జీవన్ అట్లాంటి మనిషి కాదని నేను గట్టిగానే చెప్పాను. "మీ దోస్తు గద సార్" అని యాదగిరి గోడవైపు తిరిగాడు.

ఆ వారంలోనే జీవన్ మా ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. కమిటీకి ఇవ్వాల్సిన వాంగ్మూలం. సరైన జిగురే ఇచ్చాననీ, యాదగిరి సొంతంగా వేరేది వాడాడనీ, దానికి నేను సాక్షిననీ ఉంది. అది నిజమని తేలితే బాలానగర్‌లో ఏ షెడ్డూ యాదగిరిని గడప తొక్కనివ్వదు.

"నువ్వక్కడే ఉన్నావుగా. నీ మాటైతే నమ్ముతారు. ఒక్క సంతకం రా" అన్నాడు.

పెన్ను తీసుకున్నాను. దాచేదేముంది, తీసుకున్నాను. అయితే కాగితంలో సమయం వేయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ రోజు ఫోటో తీసిన టైము చూద్దామని ఫోన్ తెరిచాను. అంకె కోసమని ఫోటోను పెద్దది చేశాను.

తెర వెనకాల, బోటు అడుగున బిగించిన నట్టు చుట్టూ జిగురు పిండుతున్న చెయ్యి ఉంది. ట్యూబు మీద వాష్‌బేసిన్ బొమ్మ స్పష్టంగా ఉంది. ఆ చేతికి స్టీలు గొలుసు వాచీ. వాడి రిటైర్మెంటుకి నేనిచ్చిన వాచీ అది. ఆ అంకె రాకపోయి ఉంటే నేను ఫోటో తీసేవాణ్ణే కాదు.

ఫోన్ వాడి ముందు పెట్టాను. కారణం చెబుతాడని, కనీసం తిడతాడని ఎదురుచూశాను.

"అది తీసెయ్ రా" అన్నాడు. అంతే.

ఆ రోజు పట్టుబట్టి నన్ను షెడ్డుకి పిలిచింది స్నేహం కొద్దీనా, ముందుచూపుతోనా అని నేను అడగలేదు. యాభై ఏళ్ల పరిచయంలో ఆ ఒక్క ప్రశ్నే మిగిలిపోయింది.

ఫోటో కమిటీకి ఇచ్చాను. జీవన్ చేతి నుంచి పని పోయింది. యాదగిరి మళ్లీ షెడ్డులోనే ఉన్నాడు. క్షమాపణ అడగడానికి వెళితే, "చాయ్ తాగుండ్రి సార్" అని స్టూలు జరిపాడు. లిఫ్టులో ఎదురైతే జీవన్ అంతస్తుల అంకెల వైపు చూస్తాడు. నేనూ అటే చూస్తాను.

నీళ్లలోంచి తీసిన యంత్రాన్ని కమిటీ ఒక ఇంజనీరుకి చూపించింది. తాను చూపించిన ప్రతి అంకెనూ అది తనలో దాచుకుంటుందట. షెడ్డులో ఆ రోజు పదకొండు గంటలకు దాన్ని మూడుసార్లు వేసినట్టు అందులో ఉంది. మూడుసార్లూ వచ్చింది అడ్డగీతలేనని కూడా ఉంది. నా ఫోన్‌లో 4.6 ఉంది.