సింహాచలం మేట్ చెప్పిన నిదానం

పాతికేళ్ల కిందటి చలికాలంలో బిలాస్‌పూర్ నుంచి నన్ను గతౌరా వైపు గ్యాంగుకు మార్చి లుక్‌ఔట్ డ్యూటీ ఇచ్చారు. పట్టాల మీద పనిచేసేవాళ్లకు బండి వస్తోందని విజిల్ వేసి చెప్పడమే ఆ డ్యూటీ. గ్యాంగు పెద్దను మేట్ అంటారు. మా మేట్ సింహాచలం అన్న శ్రీకాకుళం వైపు మనిషి.

బండి దాటిపోగానే అన్న "నిదానం" అనేవాడు. అందరం నిలబడిపోవాలి. తను రెండు వైపులా చూసి తల ఊపితేనే మళ్లీ పట్టాలెక్కాలి.

"ఏటన్నా, పెళ్లికూతుర్ని దింపుతున్నావేటి?" అని ఎగతాళి చేసింది నేనే.

ఒక పొద్దున మంచు పట్టింది. గూడ్సుకు విజిల్ వేశాను. అది దాటింది. అన్న నోరు తెరవకముందే "బేగి రండి, టీ సల్లారిపోతంది" అని కేకేశాను. ఒకడు పక్క లైను మీద కాలు పెట్టాడు. ఆ లైనులో ఎదురుగా వస్తున్న బండి చప్పుడు గూడ్సు రొదలో కలిసిపోయింది. అన్న అతణ్ని బయటికి తోశాడు. తను రాలేకపోయాడు.

విచారణలో రెండు బళ్లకూ విజిల్ వేశానని చెప్పి వేలిముద్ర వేశాను. మేట్ విజిల్ వినిపించుకోలేదని కాగితాల్లోకి ఎక్కింది.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది అన్న భార్య పైడమ్మ వదిన. అన్న పోయినప్పటి నుంచీ ఆదివారాలు బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లో ఆమె ఇంటికి పోయేవాణ్ని. ఒకసారి నిదానం అంటే ఏమిటని అడిగాను. నిఘంటువు తీసింది.

"మొదట దూడని కట్టే పలుపుకి ఆ పేరట మరిదీ. తర్వాత మూలకారణానికి అయినాదట. కారణం ఎతికేవోడికి తొందర పనికిరాదు గదా, అందుకే మనోళ్లు నెమ్మదికి వాడేసినారేమో."

పుస్తకం మూయకుండానే మళ్లీ అంది: "మీ అన్న సావుకి కారణం నాను. ఆ పొద్దున తగువాడినాను. మనసు సెదిరిపోయి విజిల్ ఇన్లేదు."

నోట్‌బుక్కు తీసుకుని రాశాను: రెండో బండికి నేను విజిల్ వెయ్యలేదు. సొంతంగా రాసిన మొదటి వాక్యం అదే.

ఆమె రెండుసార్లు చదివింది. "తొమ్మిదేళ్లు నా సేతి టీ తాగినావు గదయ్యా" అంది. తలుపు చూపించింది. మళ్లీ రమ్మనలేదు.

మర్నాడు పైవాళ్లకూ అదే రాసిచ్చాను. నా ఇంక్రిమెంటు ఆపారు. అన్న మీది మాట కొట్టేశారు.

లుక్‌ఔట్ మనిషి వెయ్యని విజిల్ వేశానని చెబితే ఆ తప్పు గాలిలో పోదు. బతికున్న ఇంకొకరు దాన్ని మోస్తారు.