మొదట వచ్చిన తాళం

2023 మార్చి. ఒంటిపూట బడులు మొదలైన కొత్త. ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో నేను ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని. అంటే పదకొండు బస్సులు, పదకొండు మంది డ్రైవర్లు, వాళ్ల మంచీ చెడూ నావి. పొద్దున పిల్లలను గేటు దగ్గర దింపి, బస్సును వెనక మైదానంలో పెట్టి, డ్రైవరు తాళం తెచ్చి నా గదిలో కొక్కేనికి తగిలించాలి. తాళం తగిలిస్తే ట్రిప్పు ముగిసినట్టు.

అంతకు ముందు నెలలో యాజమాన్యం నన్ను రెండు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్‌కు పంపింది. ఏసీ హాలు, మంచి భోజనం, చివర్న సర్టిఫికెట్. తిరిగొచ్చేసరికి నేను వేరే మనిషిని. "మీరు దేన్ని మెచ్చుకుంటే మీ టీంలో అదే పెరుగుతుంది" అని ట్రైనర్ చెప్పిన మాటను డైరీలో రాసుకుని రెండు గీతలు గీసుకున్నాను. మర్నాడే గదిలో స్టార్ బోర్డు వెలిసింది. అందరికన్నా ముందు తాళం తగిలించిన వారి పేరు పక్కన ఒక స్టార్, డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో ఫోటో.

నాదర్‌గుల్ రూటు నర్సింహ వరసగా స్టార్లు కొట్టేశాడు. మూసారాంబాగ్ రూటు సలీం భాయ్ మాత్రం రోజూ ఆఖరే. యాభై దాటిన మనిషి. ఆయన మీద శాండ్‌విచ్ ఫీడ్‌బ్యాక్ ప్రయోగించాను. పైనొక పొగడ్త, కిందొక పొగడ్త, మధ్యలో మందలింపు. అంతే ఆ విద్య.

"మీ డ్రైవింగ్‌కు వంక పెట్టలేమండి సలీం భాయ్. తాళం మాత్రం రోజూ ఆలస్యమవుతోంది. మీలాంటి సీనియర్లు తలచుకుంటే అదెంత పని?"

"పిల్లలు దిగినంక ఆఖరి సీటు దాక పోయి, కింద గూడ వంగి జూసి ఒస్త మేడం. జర టైం పడ్తది."

"అందరూ చూస్తారండి. రిజిస్టర్లో సంతకాలు కూడా పెడుతున్నారు. వాళ్లకు సరిపోయే టైం మీకెందుకు సరిపోదు?"

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఎంత చక్కగా చెప్పానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాతి వారం, గురువారం. నర్సింహ తాళమే మొదట వచ్చింది. స్టార్ అతికించాను, ఫోటో పెట్టాను. మిగతా తాళాలూ వచ్చేశాయి. సలీం భాయ్ కొక్కెం ఒక్కటే ఖాళీ. ఇరవై నిమిషాలు దాటింది. ఈసారి శాండ్‌విచ్ లేదు, ఉతికి ఆరేయడమే అనుకుని కూర్చున్నాను. గుమ్మంలో అడుగుల చప్పుడు వినగానే, తల ఎత్తకుండానే, "టైం ఎంతయిందో చూశారా?" అన్నాను.

తల ఎత్తాను. ఆయన భుజం మీద ఎల్‌కేజీ పాప. జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది. ముఖం కందిపోయింది.

"నర్సింహ బస్సుల ఉండె మేడం, ఎనక సీటు కింద. అద్దాలన్నీ మూసున్నయ్. నా బస్సు జూసి దిగుతుంటే ఏడుపు ఇనొచ్చింది. ఎమర్జెన్సీ డోర్ గుంజి తీసిన. ముందు నీళ్లియ్యుండ్రి."

నా నీళ్ల సీసా మూత తీసి పాపకు అందించాను. నా ఎదురుగా మొదటి కొక్కేనికి ఆ బస్సు తాళం వేలాడుతోంది. బోర్డు మీద ఇందాక నేను అతికించిన స్టార్. పాప గటగటా నీళ్లు తాగి, "నేను నిద్రపోయిన. స్కూల్ అయిపోయిందా?" అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

డాక్టర్ వచ్చి చూసి ప్రమాదం లేదన్నాక, తల్లికి నేనే ఫోన్ చేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు నడిపే ఆవిడ ఆటోలో పరుగున వచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇంకో గంట అయితే ఏమైతుండె మేడం?" అని ఒక్క మాట అడిగింది.

నర్సింహను పిలిచాను. ఆ బస్సు ఆయా ఆ రోజు సెలవు, కాబట్టి చూడాల్సింది అతనొక్కడే. "బస్సు ఖాళీగా ఉందని సంతకం ఎలా పెట్టావు?" అన్నాను.

"సోమారమే వారం మొత్తానికి పెట్టిన మేడం. ఇంతకు ముందు రోజు జూస్తుంటి. స్టార్ బోర్డు పెట్టినకాడికెళ్లి జూస్తలేను. ఆగి జూస్తే రెండో నంబర్ ఒస్తుండె."

రిజిస్టర్ తెరిచాను. శుక్రవారం సంతకాలు ఇంకో నలుగురివి గురువారమే ఉన్నాయి. సలీం భాయ్‌ది ఆ రోజు గడి కూడా ఖాళీ. పాపను ఎత్తుకొచ్చిన హడావిడిలో ఆయన ఇంకా సంతకం పెట్టలేదు.

నర్సింహను ఉద్యోగంలోంచి తీసేశారు. నాకు మెమో ఇచ్చి వదిలేశారు. తప్పులో సగం నాదే అయినప్పుడు శిక్షలో అంత తేడా ఏమిటని ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. బోర్డు ఆ రోజే పీకేశాను. సలీం భాయ్ సలహా మీద ప్రతి బస్సులో ఆఖరి సీటుకు ఒక నంబరు బిళ్ల తగిలించాం. తాళంతో పాటు ఆ బిళ్ల కూడా తెస్తేనే ట్రిప్పు ముగిసినట్టు. ట్రైనర్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నేను తొందరను మెచ్చుకున్నాను, తొందరే పెరిగింది.

ఇప్పుడు ఎవరి తాళమైనా మరీ ముందుగా వస్తే నేను కూర్చోలేను. బిళ్ల చేతికిచ్చినా సరే, లేచి వెళ్లి, ఆ బస్సెక్కి, ఆఖరి సీటు దాకా నడిచి, కింద కూడా వంగి చూసి వస్తాను.