నా చేతుల మీదుగా

మా వదిన పోయింది. పోయిన నెల ఒక పొద్దున నిద్ర లేవలేదు, అంతే. ముందురోజు సాయంత్రం దాకా మగ్గం మీద ఉన్న మనిషి. నేను చేసిన పప్పులో ఉప్పు తక్కువైందని నాతో పోట్లాడి, అదే పప్పు రెండోసారి వడ్డించుకొని తిని పడుకున్న మనిషి. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆమె గుండె అంత తొందరగా ఎవరి మాటా వినే రకం కాదు, నాకింకా నమ్మకం కుదరడం లేదు.

ఆమె మా ఆయనకు అక్క. నేను ఎమ్మిగనూరులో ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే మొగుడితో తెగతెంపులు చేసుకొని పుట్టింట్లో ఉంటోంది. ఈ సంగతి విని మా అమ్మ బెంబేలెత్తిపోయింది. "ఆడబిడ్డ ఇంట్లోనే ఉంటాదంట, నీ బతుకు ఏమైతాదో" అని. నా బతుకు బాగే అయింది. నాకు మగ్గం మీద అడ్డపోగు వేసే నాడె ఆడించడం నేర్పింది వదినే. మొగుడి మీద ఎంతసేపు అలగాలో నేర్పింది కూడా ఆమే. "పొద్దుగూకేలోపల అలుక దించుకోవల్ల మే. రాత్రికి ఉంచుకుంటే పులుస్తాది" అనేది.

ఆమె మొగుడిది ఆదోని. చెడ్డవాడని ఎవరూ అనరు, హార్మోనియం పిచ్చోడు. చీరలు నేయమని సావుకారు ఇచ్చిన నూలు అమ్మేసి హార్మోనియం కొన్నాడు. ఆ నూలు కింద వదిన కాళ్ల కడియాలు పోయాయి. తర్వాత నాటకాల వాళ్ల వెంట పడి ఇంటికి రావడమే మానేశాడు. చివరికి కులపెద్దలు కూర్చున్నారు. మా వాళ్లలో పద్ధతి ఏమిటంటే, మొగుడూ పెళ్లామూ చెరో కొసా పట్టుకొని ఒక ఈనెపుల్ల విరుస్తారు. ఆ క్షణం నుంచి ఒకరి చేతి నుంచి ఒకరు ఏదీ అందుకోకూడదు, చెంబెడు నీళ్లయినా సరే. మధ్యలో మూడో మనిషి చెయ్యి ఉండాల్సిందే.

"పుల్ల విరిసేటప్పుడు ఏడుపు రాలేదా వదినా?" అని ఒకసారి అడిగాను.

"ఏడ్సినా. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను గూడా" అంది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి వేసవిలో ఆ ఆదోని ఆయన మా ఇంటికి వచ్చాడు. నేను చూడడం అదే మొదలు. చిక్కిపోయి, చొక్కా భుజం చిరిగి, అరుగు చివర్న అంటీ అంటనట్టు కూర్చున్నాడు. వదిన చెంబుతో నీళ్లు ముంచి నా చేతికిచ్చింది. నేను ఆయనకిచ్చాను. ఆ చెంబుతో మొదలైంది నా కొలువు.

"ఎందుకొచ్చినాడో అడుగు మే" అంది నాతో. కట్టుబాటు వస్తువులకే గానీ మాటలకు లేదు. కోపం వచ్చినప్పుడు వదిన దాన్ని మాటలకూ సాగదీసేది.

"ఇనపడతాంది" అన్నాడాయన, నేను నోరు తెరవకముందే.

"ఇనపడితే సెప్పమను."

చెప్పాడు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఒక బిడ్డ. ఆదోనిలో పత్తి మిల్లులో కూలికి పోతుంటే, పత్తి అయిపోయిందని మిల్లు మూసేశారు. ఇంట్లో మగ్గం ఉంది గానీ పాత కథ తెలిసిన సావుకార్లు ఎవరూ నూలు ఇవ్వరు. బిడ్డకు జ్వరం వచ్చి తగ్గింది గానీ నిలబడే ఓపిక రాలేదు. "కొంచెం డబ్బు సర్దుతావేమోనని..." అని తల వంచుకున్నాడు.

వదిన దగ్గర డబ్బుందని మా వీధికంతా తెలుసు. ఎందుకో కూడా తెలుసు. అప్పటిదాకా ఆమె నేసేది తమ్ముడి మగ్గం మీద. సొంత మగ్గం పెట్టుకోవాలని ఏళ్ల తరబడి కూడబెట్టింది. అది ఉంటే రేపు మేం ఎలా మారినా ఆమె ఒకరి చెయ్యి చూడనక్కర్లేదు. వడ్రంగికి మాట ఇచ్చింది, కొయ్య కూడా వచ్చి మా గోడ పక్కన పడి ఉంది.

మా ఆయన మండిపడ్డాడు. "కడియాలు మింగినోడు మళ్లా ఏం మింగను వచ్చినాడు?" నేనూ ఊరుకోలేదు, వదిన కొంగు లాగి "మగ్గం, వదినా" అన్నాను.

వదిన మా ఇద్దరినీ పట్టించుకోలేదు. "హార్మోనియం యాడుందో అడుగు" అంది.

"అమ్మేసినా. బిడ్డ మందులకు" అన్నాడు. ఆ మాట అంటూ కుడి చేతి వేళ్లను ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

వదిన ఆ వేళ్లకేసి చూసింది. తర్వాత మొదటిసారి నేరుగా ఆయనతోనే అంది. "డబ్బు ఇయ్యను. నూలు ఇస్తా. కొన్ని సీరలకు సరిపోతాది. నేసి కూలి మీరు తినండి, నూలు ఖరీదు మెల్లగా తీర్సండి. గానీ నీ చేతికి ఇయ్యకూడదు గదా, కట్టుబాటు ఉండాది. నీ పెండ్లాన్ని పిలుసుకొని రా. ఆయమ్మ చేతికిస్తా."

"దానికేం, ఈ సెల్లెలు చేతికియ్యి. ఈమె నాకిస్తాది" అని నన్ను చూపించాడు.

"ఆమె చేతులు ఖాళీ లేవు" అంది వదిన.

నా చేతులు రెండూ ఒట్టివే. గబుక్కున వెనక్కి పెట్టుకున్నాను.

ఆయన పోయాక మా ఆయన గొణుగుతూనే ఉన్నాడు, ఆ నూలూ అమ్ముకుంటే గతేమిటని. వదిన నూలు కండెలు చుడుతూ, "పుల్ల విరిసింది మేమిద్దరం. ఆ బిడ్డకు నాతో ఏం తగాదా రా?" అంది.

ఆయన రెండో పెళ్లాం వచ్చింది. పెద్దకడుబూరు పిల్ల, నాకంటే చిన్నది, చంకలో బిడ్డ. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిందని ముఖం చూస్తే తెలుస్తోంది. వదిన మొదట ఇద్దరికీ కడుపునిండా బువ్వ పెట్టింది. తర్వాత మగ్గం డబ్బుతో కొన్న నూలు మూట ఆమె ఒళ్లో పెట్టి చెప్పింది. "ఇది నీ పెట్టెలో పెట్టుకో. దినానికి ఎంత కావల్లో అంతే తీసియ్యి."

"ఆయన కోపం జేస్తే అక్కా?"

"సెయ్యనీ. కోపం సేసి సేసి వాడే మగ్గంలో కూసుంటాడు."

"మళ్లా హార్మోనియం మాట ఎత్తితే?"

వదిన నవ్వింది. "బాకీ తీరినాక కొనుక్కోమను. వాయించేది మాత్రం బాగా వాయిస్తాడు."

వడ్రంగిని ఆగమన్నారు. ఆ వానాకాలమంతా మగ్గం కొయ్య మా గోడ పక్కనే పడి ఉంది, కోళ్లు దాని మీద కాపురం పెట్టాయి. పొద్దున్నే లేచి వదిన కోళ్లను అదిలించి, కొయ్యను తట్టి చూసి పనిలోకి పోయేది. ఆ తట్టడం చూసి నేను ఆదోని వాళ్లను లోపలే తిట్టుకునేదాన్ని. ఆదోని నుంచి కబురు లేని రోజుల్లో వదిన కూడా బస్సు వచ్చే వేళకు గుమ్మంలోకి రావడం నేను చూశాను.

పెద్దకడుబూరు పిల్ల దసరాకు ముందే మొదటి వంతు తెచ్చింది. మరుసటి వేసవికి బాకీ మొత్తం తీరింది. వడ్రంగి పనిలో దిగాడు. మగ్గం బిగించే రోజు ఆయనా వచ్చాడు, ఆ పనిలో ఆయనకు మంచి పేరు. ఇంక నా అవస్థ చూడాలి. వదిన సుత్తి నాకిస్తే నేను ఆయనకివ్వాలి, ఆయన తాడు నాకిస్తే నేను వదినకివ్వాలి. ఇద్దరికీ మధ్య జానెడు దూరం లేదు. మధ్యాహ్నానికి నా నడుము పడిపోయింది.

"మీరిద్దరూ తెగతెంపులు సేసుకున్నది నా పానానికొచ్చింది!" అని అరిచాను. ముందుగా నవ్వింది పెద్దకడుబూరు పిల్ల. తర్వాత అందరమూ నవ్వాం. వదిన అయితే మగ్గం గుంటలో కూర్చొని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సొంత మగ్గంలో ఆమె కూర్చోవడం అదే మొదలు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నడుము నొప్పి మీద కోపం రాదు.

ఆ తర్వాత ఆ ఇద్దరు ఆడవాళ్లకూ నా అవసరం లేకపోయింది. చీరలూ, పచ్చళ్లూ, బిడ్డ బట్టలూ నేరుగా చేతులు మారేవి. ఆయన వచ్చినప్పుడు మాత్రం కాఫీ గ్లాసు నా చేతుల మీదుగానే పోయేది.

వదిన పోయిన రోజు కబురు అందగానే ముగ్గురూ బస్సులో వచ్చారు. ఆయన చంకలో ఒక మూట. విప్పితే కొత్త చీర, మామిడిపండు రంగు, ఎర్ర అంచు, ఆయన నేసిందే. పండక్కి ఆమెకు ఇవ్వాలని నేస్తున్నాడట. అలవాటు ప్రకారం నా వైపు చాపాడు. "అందుకో సెల్లెలా."

నా చేతులు కూడా అలవాటు ప్రకారం ముందుకు పోయాయి. సగం పోయాక వెనక్కి తీసుకొని కట్టుకున్నాను.

"నా చేతులు ఖాళీ లేవన్నా. నువ్వే ఇయ్యి" అన్నాను.

అరుగు మీద కులపెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఏమంటాడోనని చూశాను. ఆయన వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

పెద్దకడుబూరు పిల్ల మొగుడి వీపు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తోసింది. ఆయన వదిన పక్కన కూర్చొని, చీర ఆమె మీద కప్పి, కొంగు తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. పెట్టినవాడు వెంటనే లేవలేదు. ఎక్కడైనా పోగు తప్పిందేమోనని, నేతగాళ్లు చూసినట్టే, బొటనవేలితో అంచు పొడవునా తడుముతూ కూర్చున్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకొని అక్కడే నిలబడ్డాను.