మిట్టేమరి పెట్టె, నా పెట్టె

ఆ రోజుల్లో నేను ప్రపంచంలో ఒక్క మనిషిని చూసే కుళ్ళుకునేదాన్ని. మిగతా అందరి విషయంలో మహా మంచిదాన్ని. ఆ ఒక్క మనిషీ నాతోబాటు ఎమ్మెస్సీ చదివే అమ్మాయి. సొంతూరు మిట్టేమరి కాబట్టి క్లాసంతా ఆమెను మిట్టేమరి అనే పిలిచేది. ఆమె పొద్దున్నే మా బాగేపల్లికి వచ్చి, చిక్కబళ్ళాపురం కాలేజీకి వెళ్ళే బస్సులో నాకూ సీటు పట్టి ఉంచేది (ఆ మంచితనం కూడా నాకు గిట్టేది కాదు). ఒకసారి మా ఇంటికొస్తే మా అమ్మ ఆమెకు నేతితో ఒబ్బట్లు పెట్టి, ఆమె వెళ్ళాక నావైపు చూసి, "ఆ పాప ఎంత అణకువగా ఉండాదో చూడు. నువ్వూ ఉండావు!" అంది. ఆ 'నువ్వూ ఉండావు' నా గుండెలో ముల్లులా దిగబడి చాలాకాలం అక్కడే ఉండిపోయింది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు మా మేడం ఇద్దరికీ ఒకే పని ఇచ్చింది. ఆవిడ సొంతూరు చింతామణి, కోపమొస్తే తెలుగు, సంతోషమొస్తే కన్నడం మాట్లాడేది. కొత్త ప్లైవుడ్ బీరువా తెరిస్తే కళ్ళు మండించే వాసన వస్తుంది కదా, ఇంటి గాలిలోంచి ఆ విషాన్ని వెలుగు సాయంతో తీసేయాలి. గోడల రంగుల్లో తెలుపు కోసం కలిపే టైటానియం పొడినే సన్నగా నూరి టైల్స్ మీద పూస్తే, ఊదారంగు ట్యూబ్‌లైటు కాంతి తగిలినప్పుడు ఆ పూత గాలిలోని విషాన్ని విరగ్గొడుతుంది. చెరొక గాజు పెట్టె, చెరొక ప్లైవుడ్ ముక్క, పైన లైటు, అడుగున పూత పూసిన టైల్స్, వాసన ఎంతుందో చెప్పే చిన్న మీటరు. "ఎవరిది బాగా వస్తే ఆ పెట్టె బెంగళూరు ప్రదర్శనకు పోతాది" అంది మేడం. నేను ఆ సాయంత్రమే మా నాన్న అంగడిలో బెల్లం కొనడానికొచ్చిన వాళ్ళకు కూడా, బెంగళూరు వెళ్తున్నానని చెప్పేశాను.

మిట్టేమరి పెట్టెలో మీటరు అంకె రోజురోజుకూ దిగింది. నా పెట్టెలో అది గడ్డకట్టినట్టు ఉన్నచోటే ఉంది. లైటు మార్చాను, మీటరు మార్చాను, దేవుడికి మొక్కుకున్నాను. లాభం లేదు. "ఏమే, నీది ఎంత చూపిస్తాంది?" అని ఆమె మామూలుగా అడిగినా, నాకు వెక్కిరించినట్టే వినబడేది. చివరికి ఉండబట్టలేక మేడం దగ్గరికి వెళ్ళి, "ఆ పాప మూత తీసి గాలి బయటికి పోనిస్తాండాది మేడం" అన్నాను.

"నువ్వు చూసినావా?"

"చూల్లేదు మేడం. కానీ లేకుంటే ఎట్ల తగ్గతాది?"

నిజమని తేలితే మిట్టేమరి ప్రాజెక్టు రద్దయ్యేది. మేడం విసవిసా ల్యాబుకు వచ్చి ముందు ఆమె పెట్టె చూసింది. మూత చుట్టూ వేసిన టేపు వేసినట్టే ఉంది. తర్వాత నా పెట్టె వైపు వంగి, "ఇదేందమ్మా? పూత పూసిన పక్క యాడ?" అంది.

"కింద మేడం... దుమ్ము పడకుండా."

కడిగిన గిన్నెను బోర్లించకపోతే మా అమ్మ ఊరుకోదు. ఆ అలవాటు ఎప్పుడు నా చేతికి పాకిందో, టైల్స్ అన్నీ చక్కగా బోర్లించి పెట్టాను! ఇన్నాళ్ళూ ఆ పూతకు వెలుగే తగల్లేదు. ల్యాబంతా గొల్లున నవ్వింది. ఒక్క మిట్టేమరి నవ్వలేదు.

"నేను మొదట్నే చూసినా మేడం. ఈమె కావాలనే బోర్లా పెట్టిందనుకొన్యా. నా పెట్టెలో వాసన తగ్గింది లైటు వల్లనా, పూత మీద లైటు పడినందువల్లనా అని తెలియాల గదా. ఈ పెట్టె లేకుంటే నా అంకెలు ఎవరు నమ్ముతారు?"

మేడం రెండు పెట్టెలనూ మార్చి మార్చి చూసి, "హౌదల్లా!" అంది, అవును కదా అని. కన్నడం! నాకు ప్రాణం లేచి వచ్చింది.

అలా రెండు పెట్టెలూ బెంగళూరు వెళ్ళాయి, వాటి వెంట మేమిద్దరమూ. అక్కడ ఒక పెద్దాయన నా పెట్టె ముందే నిలబడిపోయి, "ఈ రెండోది పెట్టాలన్న ఆలోచన ఎవరిదమ్మా?" అని అడిగాడు. నిజం చెబుదామని నోరు తెరిచేలోగా మిట్టేమరి, "ఈమెదే సార్" అనేసింది. ఆయన నన్ను మెచ్చుకున్నంతసేపూ నేను తల ఎత్తలేదు (అణకువ అనుకున్నాడేమో!).

తిరుగు బస్సులో, "ఎందుకే అట్ల చెప్పినావు?" అని అడిగాను.

"నువ్వు పెట్టింది నువ్వు పెట్టినావని చెప్పినా. దాంట్లో ఏముండాది?" అని ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దారిలో పేరేసంద్ర ఊరు దాటేదాకా నేను కదలకుండా కూర్చుని కుళ్ళుకుంటూనే ఉన్నాను. తెలివి ఉంటే ఉండనీ, ఆ మనసు కూడా తనకే ఉండాలా?

ఇప్పుడు నేను చింతామణిలో పాఠాలు చెబుతున్నాను. మిట్టేమరి బెంగళూరులో ఆ పూతల మీదే పరిశోధన చేస్తోంది. మొన్న ఫోన్ చేసి, తన పూతను ఒక పిల్లల బడి గదుల్లో వేస్తున్నారని చెప్పింది. నిజంగానే సంతోషించాను. ఫోన్ పెట్టేశాక మాత్రం లోపల ఎక్కడో చిన్నగా చురుక్కుమంది. ఓసి నీ! ఇంకా ఇక్కడే ఉన్నావా అని నవ్వుకుని, నాలోని ఆ బాగేపల్లి పిల్లను వెంటబెట్టుకునే క్లాసుకు వెళ్ళాను.