వెల్డా ఆంబోతును ఆపిన వేసవి

మా నెబ్రాస్కా ఇసుక కొండల్లో వెల్డా అంటే నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆమె మొగుడు హార్లన్ నోరు మాత్రం ఊరంతటికీ సరిపోయేది. ముందు పుట్టిన దూడే సంతలో బరువు తూగుతుందని వాళ్ల తాత అన్నాడట, అంతే, ఆవులన్నీ గడ్డకట్టే ఫిబ్రవరిలోనే ఈనాలి. మంచుకు దూడల చెవులు రాలిపోయేవి. కొన ఊపిరితో ఉన్నవాటిని వెల్డా ఇంట్లోకి మోసుకెళ్లి, స్నానాల తొట్టిలో వేడినీళ్లు పోసి ఒళ్లు రుద్దేది. మా ఇంట్లోనూ అదే బాగోతం.

కిందటి ఫిబ్రవరిలో హార్లన్ దూడను బయటికి లాగుతూ మంచుగడ్డ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వేసవంతా మంచం దిగలేదు. మందను వెల్డాయే చూసుకుంది.

ఈ ఫిబ్రవరి అయిపోవస్తున్నా ఒక్క ఆవూ ఈనలేదు. పొదుగులైనా నిండలేదు. పశువుల లారీ తోలేవాణ్ణి కదా, హార్లన్ నాకు ఫోన్ చేశాడు.

"లారీ తీసుకురారా. అన్నీ ఈసుకుపోయాయి, ఒక్కదానికీ కడుపు నిలవలేదు. వట్టి ఆవుల్ని మేపి ఏం చేసుకోను? కబేళాకే!"

తాతల నాటి మంద!

వెళ్లేసరికి వెల్డా గేటుకు అడ్డంగా నిలబడి ఉంది.

"తప్పుకోవే, మతి పోయిందా?" హార్లన్ అరిచాడు.

"అవి చూడి ఆవులయ్యా. మేలో పచ్చిక మీద ఈనతాయి. ఆంబోతును ఆగస్టు దాకా నేనే మందలోకి వదల్లేదు."

ఓరి నాయనో!

హార్లన్ చేతికర్ర ఎత్తాడు. "నన్నడక్కుండానా? దూడల బరువు సగానికి పడిపోదూ? ఊళ్లో తలెత్తుకోగలనా?"

"ఆ రోజు మంచులో పడి ఏమన్నావు? 'నన్నొదిలెయ్, ముందు దూడ' అన్నావు. నీ మాట కాదనలేక దూడనే ఎత్తుకుపోయా. తొట్టి దగ్గర కూచుని దాని ఒళ్లు రుద్దా. తిరిగొచ్చేసరికి నీ మీసం గడ్డకట్టుకుపోయింది. పిలిస్తే పలకలేదు. పోయావనుకున్నా. ఆ దూడా దక్కలేదు." వెల్డా వెక్కివెక్కి ఏడ్చింది. "ఇంకోసారి అలా నా వల్ల కాదు."

హార్లన్ ముఖం పాలిపోయింది. "నువ్వు సాయానికి ఫోన్ చెయ్యడానికి పోయావనుకున్నానే," అన్నాడు. కర్ర దానంతటదే దిగిపోయింది.

ఖాళీ లారీతో ఇంటికొచ్చాను. మా ఆవిడ తొట్టి పక్కన మోకాళ్ల మీద కూచుని దూడ ఒళ్లు రుద్దుతోంది. నేను పడిపోతే ముందు ఎవరిని ఎత్తుతావని అడగబోయాను. భయమేసి ఊరుకున్నాను.